ఉంగరంవేలు సగం

"కళ్ళు మూసుకో పుణ్యవతీ,
ఎక్కడ తాకితే అక్కడ వేలు పెట్టి చూపించు."
నా చేతిలో ఉన్నది బాల్‌పెన్ను.
ఇరవై రెండేళ్ళుగా ఇదే నా పరికరం,
దీంతోనే రిజిస్టరు రాస్తాను
దీంతోనే చర్మాన్ని పలకరిస్తాను.

బొటనవేలు. చూపించింది.
చూపుడువేలు. చూపించింది.
చిటికెనవేలు.
షెడ్డులో మోటారు ఆగింది, కాకి అరిచింది,
నేనెప్పుడు తాకుతానా అని
పుణ్యవతి ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.

కాశీబుగ్గ జీడి షెడ్లలో ఆమెకి పేరుంది.
బోర్మాలోంచి ట్రే బయటికి లాగగానే
మిగతా ఆడవాళ్ళు వేళ్ళు ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటుంటే
ఆమె ఒక్కత్తే పొట్టు ఒలిచేసేది, గుండు విరక్కుండా.
"మంటకే దాని సెయ్యంటే బయం" అనేవారు.
మేస్త్రి కిలోకి రూపాయి ఎక్కువిచ్చాడు.
ఆ రూపాయి మీద నాకిప్పటికీ కోపం.
ఒకరోజు కాలిన వాసనొస్తే
పక్కదాన్ని అడిగిందట
ఎవరి సెయ్యే కాల్తంది అని.

ఒళ్ళు మామూలుగా ఎలా నడుస్తుందంటే
(మీటింగుల్లో చెప్పేదే, ఇక్కడా చెప్తాను)
కాలే ట్రే అంచు వేలికి తగలగానే
నరం కొస ఉలిక్కిపడుతుంది.
ఆ ఉలికిపాటు మోచేతి ఎముక పక్క సందులోంచి దూరి
అదే, గోడకి కొట్టుకుంటే జివ్వుమనే సందు,
చంకలోంచి మెడకి, మెడలోంచి వెన్నుపాములోకి.
వెన్నుపాము!
ఎవరు పెట్టారో ఈ పేరు.
తోక నడుములో, పడగ పుర్రెలో.
చెయ్యి లాక్కోమన్న మాట పాము ఒంట్లోనే పుడుతుంది,
పడగదాకా పోదు.
చెయ్యి వెనక్కొచ్చాక గాని పడగకి కబురందదు.
అప్పుడది "నేనే లాగాను" అనుకుంటుంది
ఇంటి పెద్దలాగ.

ఇక నొప్పికి రెండు బళ్ళు.
చురుక్కు అనేది ఎక్స్‌ప్రెస్,
తొడుగున్న నరం మీద దూసుకుపోతుంది.
సలుపు మాత్రం పలాస పాసింజరు.
తొడుగులేని సన్నపు తీగ మీద ఈడ్చుకుంటూ
తిలారులో ఆగి, నౌపడలో ఆగి, పూండిలో ఆగి
అందరూ పడుకున్నాక చేరుతుంది.

పుణ్యవతికి ఆ రెండు బళ్ళూ
ఎప్పుడు రద్దయ్యాయో తెలీదు.
మోచేతి సందులో వేలు పెట్టి చూశాను:
నులకతాడంత లావు నరం.
లోపలున్న పురుగుకి చల్లదనం ఇష్టం,
చర్మం కింద, మోచేతి దగ్గర, చెవి తమ్మెలో దాని కాపురం.
రోజంతా నిప్పు పక్కన కూర్చునే మనిషిలో
చల్లటి చోటు వెతుక్కుంది చూడండి.

"ఏటి బాబూ, పెద్దరోగమేటి?"
కొంగు కింద చెయ్యి దాస్తూ అడిగింది.
మందుంది అన్నాను. ఏడాది మాత్రలు. డబ్బులక్కర్లేదు.
"అది కాదు బాబూ,
నాకు మంట తెలిస్తే
ఆ రూపాయి తీసెస్తాడు గదా."

తొమ్మిదో నెల మాత్రలకి వచ్చినప్పుడు
మళ్ళీ పెన్ను తీశాను.
ఉంగరంవేలు ఒక వింత వేలు.
చూపుడువేలి వైపు సగం ఒక నరానిది,
చిటికెనవేలి వైపు సగం ఇంకోదానిది.
రెండూళ్ళ పొలాల మధ్య గట్టు.

చిటికెనవేలు ఏమీ చెప్పలేదు.
గట్టుకి అవతలి సగం మీద పెన్ను ఆనించాను.
ఆమె కళ్ళు మూసుకునే ఉంది.
చాలాసేపటికి
"సీమ పాకినట్టుంది" అంది.
ఎక్కడ?
చూపించింది,
నేను తాకినచోటికి అంగుళం పక్కగా.

రిజిస్టరులో ఉంది అని ఒక గడి, లేదు అని ఒక గడి.
రెండు గడుల మధ్య గీత మీద
చీమ
అని రాశాను.